చదివే కంటికి పనిగంటలు లేవా?

బొగ్గు తవ్వే మనిషి రోజుకు ఎన్ని గంటలు గనిలో ఉండవచ్చునో చెప్పే చట్టం మన దేశంలో ఉన్నది. రైలింజను నడిపే మనిషి ఎన్ని గంటల తరవాత దిగిపోవాలో చెప్పే నిబంధన ఉన్నది. విమానం నడిపేవారికీ ఉన్నది. కానీ ఆ బొగ్గు తవ్విన మనిషి ఛాతీ ఎక్స్‌రేను వెలుగుకెత్తి చూసి "జబ్బున్నది", "జబ్బు లేదు" అని తీర్పు చెప్పే కంటికి మాత్రం రోజుకు ఇన్నే ఫిలింలు అనే గీత ఎక్కడా లేదు. వంద చదవమంటే వంద, మూడు వందలు చదవమంటే మూడు వందలు. తప్పు జరిగిన రోజున మాత్రం అందరమూ ఆ కంటినే నిలదీస్తాం.

ఈ టపాలో నేను చెప్పదలచుకొన్నది ఇంతే: స్కానింగులలో, ఎక్స్‌రేలలో జరిగే పొరపాట్లను "డాక్టరు అజాగ్రత్త" అనే ఒక్క మాటతో సరిపెట్టుకొన్నంత కాలం అవి తగ్గవు. ఆ పొరపాట్లలో పెద్ద భాగం లెక్కలో ఉన్నది. ఫిలింకు ఇంత అని కట్టే లెక్కలో, రోజుకు ఇన్ని అని అడిగే లెక్కలో.

ఇది నగరాల గొడవ, అడవి అంచున ఉన్న మీ కారేపల్లికి ఏమి పట్టిందని ఎవరైనా అడగవచ్చు. పట్టింది. డోర్నకల్లు నుంచి వచ్చే రైలుదారి మా కారేపల్లిలోనే రెండుగా చీలుతుంది. ఒకటి ఇల్లెందు గనుల వైపు, రెండవది కొత్తగూడెం వైపు. మా మండలం పేరు సింగరేణి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించిన తరవాత పుట్టుకొచ్చిన గనులకు, 1920 నుంచి ఆ కంపెనీకి ఉన్న పేరు మా ఊళ్ళదే. అంటే ఊపిరితిత్తుల గురించి, దుమ్ము గురించి, ఛాతీ ఫిలింల గురించి మాట్లాడే హక్కు మాకు కాస్త ఎక్కువే ఉన్నదనుకొంటాను. పైగా ఇవి కోయగూడేలు, లంబాడీ తండాలు ఉన్న ఊళ్ళు. ఇక్కడ దగ్గు వస్తే మొదట ఆర్‌ఎంపీ దగ్గరకు, అది తగ్గకపోతే ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి, అప్పటికీ తగ్గకపోతే "ఎక్స్‌రే తీయించుకొని రా" అన్న చీటీతో ఖమ్మానికో, ఇల్లెందుకో, కొత్తగూడేనికో బయలుదేరతారు. ఒక రోజు కూలీ పోతుంది, ఆటో ఖర్చు అవుతుంది, తోడు వచ్చినవారి కూలీ కూడా పోతుంది. ఇన్ని పోగొట్టుకొని తెచ్చుకొనేది ఒక కాగితం. ఆ కాగితం అబద్ధం చెబితే?

నేను వైద్యుణ్ణి కాను. చదువుకొన్నవాడు వెంట ఉంటే మంచిదని బంధువులు ఆసుపత్రులకు తోడు తీసుకొని పోయే మనిషిని. అట్లా ఒకసారి మా మేనమామను కడుపునొప్పికి స్కానింగు చేయించటానికి తీసుకొని వెళ్ళాను. ఏ ఊరు, ఏ కేంద్రం అన్నది ఇక్కడ అనవసరం. రిపోర్టు చేతికొచ్చాక చదివాను. కాలేయం సాధారణం, మూత్రపిండాలు సాధారణం, ప్లీహం సాధారణం. ఆ తరవాతి వరుసలో మా మామయ్యకు గర్భాశయం కూడా సాధారణ పరిమాణంలో ఉన్నదని రాశారు! కింద సంతకం అచ్చు వేసి ఉన్నది. కౌంటరు దగ్గరున్న అమ్మాయికి చూపిస్తే ఆమె తడబడకుండా, "అది ఫార్మాట్‌లో వచ్చేసింది సార్, మార్చిస్తాం" అన్నది. రెండు నిమిషాలలో గర్భాశయం తీసేసిన కొత్త కాగితం ఇచ్చింది. డాక్టరుగారు మళ్ళీ చూశారా అని అడిగితే, "సార్ లోపల బిజీగా ఉన్నారు" అన్నది.

నవ్వుకోవటానికి బాగానే ఉంటుంది. కానీ ఒక ప్రశ్న నన్ను వదలలేదు. లేని గర్భాశయాన్ని సాధారణమని రాసిన రిపోర్టులో, ఉన్న కాలేయం సాధారణమన్న మాటను ఏ ధైర్యంతో నమ్మాలి? ఆ గదిలో ఉన్న వైద్యుణ్ణి నేను తప్పుపట్టను. ఆయన గది బయట నలభై మంది బెంచీల మీద, గోడ వారన కూర్చొని ఉన్నారు. నేను లెక్కపెట్టాను.

*

ఇక శాస్త్రం ఏమంటున్నదో చూద్దాం. ఫిలిం అద్దం వంటిది, చూస్తే కనపడిపోతుంది అని మనబోటి వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం 1949లోనే కూలిపోయింది. ఆ ఏడాది అమెరికాలో లియో హెన్రీ గార్లండ్ అనే రేడియాలజిస్టు తన వృత్తివారికే మింగుడుపడని విషయం ఒకటి బయటపెట్టాడు. జబ్బు ఉన్న ఛాతీ ఫిలింలను అనుభవజ్ఞులకు ఇచ్చినా, వాటిలో దాదాపు 30 శాతాన్ని వారు గుర్తించలేకపోతున్నారు. అవే ఫిలింలను అదే మనిషికి మళ్ళీ చూపిస్తే, అయిదింట ఒకసారి తను ముందు చెప్పినదానితో తనే విభేదిస్తున్నాడు.

అదే సంవత్సరం బ్రిటన్‌లో ఫ్లెచర్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు బొగ్గు గని కార్మికుల ఫిలింల మీదనే పనిచేసి, ఒకే ఫిలింను ఒక్కొక్క వైద్యుడు ఒక్కొక్క విధంగా చదువుతున్నాడని చూపించారు. దుమ్ము పట్టి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు ఎంత ముదిరిందన్న దాని మీద కార్మికుడి నష్టపరిహారం ఆధారపడి ఉంటుంది. అందుచేత అది ఊరికే వదిలెయ్యదగిన విభేదం కాదు. ఇటువంటి శ్రమ ఫలితంగానే అంతర్జాతీయ కార్మిక సంస్థ వారి వర్గీకరణ బలపడింది. పక్కన ప్రామాణిక ఫిలింలు పెట్టుకొని, వాటితో పోల్చి, నాలుగు ప్రధాన తరగతులలో పన్నెండు మెట్లలో జబ్బును కొలవటం, సర్వేలలో కనీసం ఇద్దరు విడివిడిగా చదవటం అనే పద్ధతి ఇది. మనిషి కన్ను ఒక్కటే చాలదని ప్రపంచానికి నేర్పిన వాటిలో గని కార్మికుల ఛాతీ ఫిలింలు ముఖ్యమైనవి. బొగ్గు పేరు మోసే మా మండలం నుంచి ఈ మాట చెప్పటంలో నాకు కొంత గర్వం, కొంత బాధ రెండూ ఉన్నాయి.

గార్లండ్ చెప్పిన 30 శాతాన్ని విని ఎవరూ హడలిపోనక్కరలేదు. అది జబ్బున్న ఫిలింలను మాత్రమే లెక్కలోకి తీసుకొన్న మాట. ఆరోగ్యవంతుల ఫిలింలూ కలిసి ఉండే రోజువారీ పనిలో పొరపాట్లు 3 నుంచి 5 శాతం దాకా ఉంటాయని సాధారణంగా చెబుతారు. చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ రోజుకు రెండు వందల ఫిలింలు చదివే మనిషి దగ్గర 4 శాతం అంటే ఎనిమిది ఫిలింలు. ఎనిమిది ఇళ్ళు. ప్రతిరోజూ.

ఆ పొరపాట్లు ఎట్లాంటివి? 2014లో కిమ్, మాన్స్‌ఫీల్డ్ అనే ఇద్దరు వైద్యులు తమ విభాగంలో బయటపడిన తప్పులను వర్గాలుగా విడదీశారు. అన్నింటికన్నా పెద్ద వర్గం, 42 శాతం, ఫిలింలో ఉన్నా కంటికి ఆనకపోవటం. దాని తరవాతిది, 22 శాతం, ఒక జబ్బు దొరకగానే వెతకటం ఆపేయటం. పక్కటెముక విరిగిందని చూసినవాడు దాని వెనక ఉన్న మచ్చను చూడడు. తెలివి చాలక, తర్కం తప్పి జరిగిన పొరపాట్లు 9 శాతమే. అంటే చదువు తక్కువై జరిగేవి కొన్నే. చూపు నిలవక జరిగేవే ఎక్కువ.

2013లో ట్రాఫ్టన్ డ్రూ బృందం చేసిన ప్రయోగం మీలో చాలామంది విని ఉంటారు. ఊపిరితిత్తుల సీటీ స్కాను చిత్రాలలో ఒక గొరిల్లా బొమ్మను పెట్టి, చిన్న గడ్డల కోసం వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చారు. ఆ గొరిల్లా మామూలు గడ్డకు 48 రెట్లు పెద్దది. 20 మంది దాన్ని చూడలేదు. కంటి కదలికలను కొలిచే యంత్రం పెట్టి చూస్తే, చూడలేదన్న వారిలో ఎక్కువమంది చూపు సూటిగా ఆ గొరిల్లా మీదే పడింది. కన్ను చూసింది, మనసు చూడలేదు. వీరెవరూ అజాగ్రత్తపరులు కారు. దేనికోసం వెతకమన్నారో దానికోసం శ్రద్ధగా వెతికారు.

ఇప్పుడు దీనికి తొందరను కలపండి. 2015లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో అయిదుగురు రేడియాలజిస్టులను మామూలు వేగంతో ఒకసారి, రెట్టింపు వేగంతో ఒకసారి చదవమన్నారు. పెద్ద తప్పులు 10 శాతం నుంచి 26.6 శాతానికి పెరిగాయి. అయిదుగురే కదా అనవచ్చు. నిజమే. కానీ దిక్కు ఎటో చెప్పటానికి చాలదా? ఆ ఏడాదే వచ్చిన మరొక అధ్యయనం అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1999 నుంచి 2010 దాకా పెరిగిన పనిని లెక్కగట్టింది. ఎనిమిది గంటల పనిరోజులో ఒక్కొక్క చిత్రానికి మిగిలేది మూడు నాలుగు సెకన్లు. అది మేయో క్లినిక్. మన దేశంలో ఉరామరిగా లక్షమందికి ఒక రేడియాలజిస్టు. వారిలోనూ అత్యధికులు నగరాలలోనే. మన అడవి అంచుల నుంచి పోయే ఫిలింకు ఎన్ని సెకన్లు మిగులుతాయో మీరే ఊహించుకోండి.

*

ఇక నా అసలు ఫిర్యాదు. మన ప్రభుత్వాలకు యంత్రం కొనటం ఇష్టం. యంత్రానికి రిబ్బను కట్టవచ్చు, ఫొటో దిగవచ్చు. 2021 జూన్‌లో 19 జిల్లాలలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు తెరిచినప్పుడు ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలకూ వచ్చాయి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలయ్యాయి. ఇవన్నీ మంచి పనులే, కాదనను. జాతీయ ఆరోగ్య మిషన్ 2015లోనే ఉచిత పరీక్షల పథకంలో టెలీరేడియాలజీని చేర్చింది. ఇక్కడ తీసిన ఫిలింను అంతర్జాలం మీదుగా దూరపు నగరానికి పంపి, అక్కడ చదివించి, రిపోర్టు తెప్పించుకోవటం అన్నమాట. ఆలోచన మంచిదే. డాక్టరు కదలకుండా ఫిలిం కదులుతుంది.

కానీ ఇటువంటి పనిని కాంట్రాక్టుకు ఇచ్చేటప్పుడు ఫిలింకు ఇంత అని ధర కడతారు. ఎంత తక్కువకు పాడితే వారికి పని దక్కుతుంది. ధర తగ్గినకొద్దీ గిట్టుబాటుకు సంఖ్య పెరగాలి. సంఖ్య పెరిగినకొద్దీ ఒక్కొక్క ఫిలింకు దక్కే చూపు తగ్గాలి. ఎన్ని గంటలలో రిపోర్టు రావాలో ఒప్పందంలో రాస్తారు, ఆలస్యమైతే జరిమానా రాస్తారు. ఒకే మనిషి రోజుకు ఎన్ని చదవవచ్చునో రాయాలని మాత్రం ఎవరికీ తోచదు! వేగానికి కొలత ఉన్నది, నిజానికి కొలత లేదు. కొలిచినదే పెరుగుతుంది.

అమెరికాలో ఉన్న మన తెలుగు మిత్రులకు తెలిసే ఉంటుంది. అక్కడి రోగి ఫిలింకు తుది రిపోర్టు ఇవ్వాలంటే అక్కడి లైసెన్సు ఉండాలి. రాత్రివేళ బెంగుళూరులో కూర్చొని చదివినా ఆ నియమం తప్పదు. వారి ఫిలింను ఎవరు చదివారన్నది వారికి ముఖ్యం. మా తండా నుంచి పోయిన ఫిలింను ఎవరు చదివారో, ఎన్నింటికి చదివారో, అది ఆ రోజు వారి ఎన్నవ ఫిలిమో అడిగే దిక్కేదీ?

ప్రైవేటు వైపు కథ వేరు, ఫలితం ఒకటే. అక్కర ఉన్నా లేకపోయినా స్కానింగుకు పంపటం, పంపినందుకు కమీషను పుచ్చుకోవటం. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి కమీషన్లను స్పష్టంగా నిషేధించింది. నిషేధం కాగితం మీద భద్రంగా ఉన్నది. అక్కరలేని స్కానింగు వల్ల పోయేది దాన్ని చేయించుకొన్నవాడి డబ్బు ఒక్కటే కాదు. అక్కర ఉన్న మరొకరి ఫిలింకు దక్కవలసిన రెండు నిమిషాల చూపు కూడా పోతుంది. ఈ సంగతి ఎవరూ మాట్లాడరు.

*

నా మాటకు వచ్చే ఎదురు వాదనలు నాకు తెలుసు. ఒక్కొక్కటిగా చూస్తాను.

మొదటిది: "డాక్టర్లే తక్కువ. గీత గీస్తే పల్లెలకు ఆ కాస్త రిపోర్టు కూడా దక్కదు." ఇది నిజాయితీగల వాదన, అందుకే దీన్ని గౌరవిస్తాను. కానీ ఒక తేడా గమనించండి. చదవని ఫిలిం చదవలేదని అందరికీ తెలుస్తుంది. ప్రాథమిక కేంద్రం డాక్టరు అనుమానం బతికే ఉంటుంది, తెమడ పరీక్షకు పంపుతాడు, వారం తరవాత మళ్ళీ రమ్మంటాడు. చదివినట్టు చేసి "సాధారణం" అని రాసిన ఫిలిం ఆ అనుమానాన్ని చంపేస్తుంది. రోగి ఇంటికి పోయి, "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు" అని ఆరు నెలలు దగ్గుతూ ఉంటాడు. అది క్షయ అయితే ఆ ఆరు నెలలూ అదే గుడిసెలో నిద్రపోయే పిల్లల సంగతేమిటి? రిపోర్టు రావటం ఆలస్యమైతే జరిగే నష్టం కన్నా తప్పుడు భరోసా వల్ల జరిగే నష్టం తక్కువని ఎవరు తేల్చారు?

దీనికి తిరగేసిన పక్షం కూడా ఉన్నది. రాయి, దుమ్ము మధ్య పనిచేసేవారికి వచ్చే సిలికోసిస్ ఫిలింలో క్షయలాగే కనపడవచ్చు. క్షయ అనుకొని ఏళ్ళ తరబడి మందులు మింగిన కూలీల గాథలు మన దేశంలో కొత్త కాదు. ఆ మనిషి ఏ పని చేస్తాడో చీటీ మీద ఒక్క ముక్క రాస్తే చదివేవాడికి దారి దొరుకుతుంది. ఆ ముక్క రాయటానికి పంపేవారికి తీరిక లేదు, అడగటానికి చదివేవారికి తీరిక లేదు.

రెండవది: "తప్పు చేసిన డాక్టరును కోర్టుకు ఈడ్చితే మిగతావారు దారికొస్తారు." 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యసేవలను వినియోగదారుల చట్టం కిందకు తెచ్చింది. మంచిదే, ఆ హక్కు ఉండాలి. కానీ ముప్ఫయ్యేళ్ళ తరవాత కూడా మనం అక్కడే ఆగిపోయాం. రిపోర్టు మీద చదివినవాడి పేరు ఉంటుంది. రోజుకు మూడు వందలు చదవాలని నిర్ణయించినవాడి పేరు ఉండదు. కోర్టు పిలిచేది పేరున్నవాడినే. భయపడిన డాక్టరు ఏం చేస్తాడు? ప్రతి రిపోర్టు కిందా "అవసరమైతే సీటీ స్కాను చేయించండి" అని రాసి చేతులు దులుపుకొంటాడు. దానివల్ల ఫిలింలు ఇంకా పెరుగుతాయి. ఇంకా పెరిగితే ఏమవుతుందో పైన చెప్పాను.

మూడవది, ఈ మధ్య వచ్చినది: "కృత్రిమ మేధ వచ్చేసింది, ఇక ఈ బాధ లేదు." నేను యంత్రద్వేషిని కాను. 15 ఏళ్ళు దాటినవారిలో క్షయ జల్లెడకు, మనిషికి బదులుగా కంప్యూటరు చదువును వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. 2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల క్షయ నిర్మూలన ఉద్యమంలో చేతితో పట్టుకొని తిరిగే ఎక్స్‌రే యంత్రాలు పల్లెలకు వెళ్ళాయి. స్వీడన్‌లో 80 వేలమంది స్త్రీల మీద జరిగిన రొమ్ము క్యాన్సరు అధ్యయనం 2023లో వెలువడింది. కృత్రిమ మేధ సాయంతో చదివే పని 44 శాతం తగ్గింది, క్యాన్సర్లను పట్టటంలో లోటు రాలేదు. ఇవన్నీ ఒప్పుకొంటాను.

కానీ రెండు మాటలు. క్షయ కోసం తయారైన మర క్షయనే వెతుకుతుంది. గుండె పెరిగిందా, పక్కటెముక విరిగిందా అన్నది దాని పని కాదు. గొరిల్లా సంగతి గుర్తుంచుకోండి. ఇక రెండవ మాట అంతకన్నా ముఖ్యమైనది. మర వల్ల మిగిలిన సమయం ఎవరికి దక్కుతుంది? స్వీడన్‌లో ఇద్దరు చదవటం ముందు నుంచీ ఆనవాయితీ కనుక, అక్కడ మర రెండవ కంటి భారాన్ని తగ్గించింది. మనకు రెండవ కన్ను ఎప్పుడూ లేదు. సంఖ్యకు గీత లేని చోట మర మిగిల్చిన ప్రతి నిమిషాన్నీ మరొక ఫిలింకు అమ్ముకొంటారు. "మర చూసింది కదా, నువ్వు సంతకం పెట్టు" అంటారు. అప్పుడు ఎవరూ చూడని ఫిలిం మీద ఇద్దరు చూసిన ముద్ర పడుతుంది.

*

తిట్టి ఊరుకోవటం నాకు ఇష్టం లేదు. నేను అడిగేవి ఇవి.

ఒకటి. ప్రభుత్వం ఇచ్చే ప్రతి టెలీరేడియాలజీ కాంట్రాక్టులో ఒక్క వైద్యుడు రోజుకు చదవగల ఎక్స్‌రేలు, సీటీలు ఇన్ని అనే గీత ఉండాలి. ఎంత అన్నది ఆ వృత్తివారే కూర్చొని తేల్చాలి. కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు, టెండరు కాగితంలో ఒక్క పేరా చాలు.

రెండు. పంపే చీటీలో దగ్గు ఎన్నాళ్ళుగా, జ్వరం ఉన్నదా, ఏ పని చేస్తాడు, పాత ఫిలిం ఉన్నదా అన్న నాలుగు గడులు నింపనిదే ఫిలిం ముందుకు పోకూడదు.

మూడు. రిపోర్టు మీద అచ్చు సంతకం చాలదు. చదివినవారి పేరు, రిజిస్ట్రేషను సంఖ్య, చదివిన సమయం ఉండాలి.

నాలుగు. ప్రతి ఇరవై ఫిలింలలో ఒకదాన్ని, ఏదన్నది ముందు తెలియకుండా, మరొకరు మళ్ళీ చదవాలి. తేడాలను ప్రతి ఏటా జిల్లాలవారీగా ప్రకటించాలి.

అయిదు. తప్పు బయటపడినప్పుడు అది చదివినవారికి తప్పక చేరాలి. ఇవాళ తండాలో మనిషి చనిపోయినా, నగరంలో ఆ ఫిలిం చదివిన డాక్టరుకు ఆ కబురే పోదు. తన తప్పు తనకు తెలియని మనిషి ఏమి నేర్చుకొంటాడు?

1952 నాటి గనుల చట్టం భూగర్భంలో పనిచేసేవారికి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసింది. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినా ఆ 48 గంటల గీత నిలిచే ఉన్నది. అలసిన మనిషి చేసే తప్పు వల్ల అతనితో పాటు పక్కనున్నవారి ప్రాణం కూడా పోతుందని గ్రహించే ఆ గీత గీశారు. గనిలో కప్పు కూలితే చప్పుడవుతుంది, ఊరంతా పరుగెత్తుకొస్తుంది. ఫిలింలో మచ్చ జారిపోతే చప్పుడు కాదు. అందుకే ఇన్నాళ్ళూ గీత గీయలేదు. అంతకుమించి వేరే కారణం ఏదీ నాకు కనపడటం లేదు.

మిత్రులలో వైద్యులున్నారు, గణాంకాలు తెలిసినవారున్నారు. నా లెక్కలో తప్పుంటే చూపించండి, వాదించండి, సంతోషంగా వింటాను. కానీ "డాక్టరన్నాక చూసుకోవద్దా?" అని మాత్రం అనకండి. చూసుకోవాలి. చూసుకోవటానికి సమయం కావాలి. ఆ సమయాన్ని టెండరులో అమ్మేసింది డాక్టరు కాదు.